నిచ్చెన మూడో మెట్టు

బర్కాల మిట్టమధ్యాహ్నం కూడ సముద్రం వాసన పోదు.
ఖల్ఫాన్ సాబ్ ఇంటెనుక టేపు పట్టుకొని నేను,
ఆ కొసన షఫీకుల్.
ముప్పై అడుగులు ఇటు, పద్దెనిమిది అటు,
మూలకు ఒక మేకల కొట్టం, ఖాళీది.

"పైన పెట్టేదా, లోపల తవ్వేదా?
ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నడు ముసలాయన
ఖర్జూర పళ్ళెం నా దిక్కు నూకుకుంట.
ఆయన హిందీ నా హిందీ కన్నా నయం.

చెప్పిన.
పైన పెట్టేది రెండు దినాల పని.
రేకు, గొట్టాలు, నీలం షీటు, అరవై బోల్టులు.
ఇసుక చదును జేసి నిలబెట్టుడు, ట్యాంకరును పిలుసుడు.
వద్దనుకుంటే విప్పుడు, మడత పెట్టుడు.
కిరాయి ఇండ్లోళ్ళు గదే తీస్కుంటరు.
కాని జూన్ల ఎండ నాలుగు దిక్కుల తాకి
అండ్లది చాయ్ నీళ్ళయితది.

లోపలిది నెలన్నర.
జేసీబీ, సలాకలు, సిమెంటు, టైల్సు,
పైసలు నాలుగింతలు.
చూపుకు అదే అందం, అబద్ధం చెప్పను.
కాని ఇక్కడ (సలాక గుచ్చి తీసి చూపిన)
ఆరడుగులకు తడి.
తొట్టి కడగాలె అని ఖాళీ జేసిననాడు
కింది నీళ్ళు దాన్ని పైకి నూకుతయి.
సుహార్ల ఒకటి చూసిన సాబ్,
తెల్లారేసరికి ఇంటి ముందల
లంగరు తెగిన పడవోలె లేచి నిలబడ్డది.

ముసలాయన నవ్విండు.
నలభై ఏండ్లు వల ఇసిరిన మనిషి, పడవంటే ఎరుకే.
"ఈ వయసుల పెరట్ల గుంత తవ్విపిస్తే
పక్కింటోళ్ళు పరామర్శకు వస్తరు" అన్నడు.

అప్పుడు జువైనమ్మ బయటికొచ్చింది,
ప్లాస్టిక్ కుర్చీని ముందట నెట్టుకుంట, దాని ఆసరతోని.
రొమ్ముల దాంక నీళ్ళల్ల రోజు నడువుమన్నడట డాక్టరు.
సముద్రం మూడు గల్లీల అవతలే.
కాని అల మనిషిని అడిగి రాదు.

బండి మీది నిచ్చెన దించి గోడకు పెట్టిన.
ఒకటో మెట్టు.
రెండోది.
మూడోదాని కాడ ఆమె చెయ్యి
గాలిల దేన్నో దేవులాడింది.
ముసలాయన చెయ్యి లేచింది,
మేమున్నమని మళ్ళ దించుకున్నడు.
ఎవ్వలం మాట్లాడలేదు.
నిచ్చెన బండెక్కించిన.

అరవై ఒక్క తొట్టి కట్టిన నేను.
ఒక్క దాంట్ల దిగలేదు.
మోచెయ్యి ముంచి చూసుడు, బిల్లు మీద సంతకం తీస్కునుడు,
నా ఈత అంతే.

సిమెంటు సంచి చింపి దాని మీద గీసిన:
సగం లోపల, సగం పైన.
రెండున్నర అడుగులు తవ్వుడు, తడి జోలికి పోకుండ.
మట్టి బరువు రేకుకు తగలకుండ చుట్టూ బ్లాకుల గోడ.
పైన మిగిలేది అడుగున్నర.
మంచం మీద కూసొని కాళ్ళు మలుపుకున్నట్టు
ఇటు కూసొని అటు దిగుడే.
లోపల మూడు మెట్లు, పట్టుకోను కడ్డి.
గిది కేటలాగుల లేదు సాబ్, గ్యారంటీ ఇయ్యరు,
మా మేనేజర్ నన్ను తిడతడు.
తిట్టిండు కూడ.

మోకాలు లోతుల గవ్వలు తేలినయి.
ముసలాయన గుంత అంచుకు కూసొని
ఒక్కొక్క దాని పేరు చెప్పిండు.
షఫీకుల్ బెంగాలీల ఇంకో పేరు చెప్పిండు.
నాకు రెండూ యాదిలేవు.

ట్యాంకరు అసర్ నమాజుకు పైపు ఏసింది,
నిండేసరికి చీకటయింది.
ఆమె నల్ల బట్టలతోనే అంచు మీద కూసున్నది.
మేమిద్దరం గోడ దిక్కు మలిగినం.
ఒక కాలు నీళ్ళల్ల పడ్డ సప్పుడు.
శానాసేపటికి రెండోది.
తర్వాత నడక,
తడిసిన బట్టను నీళ్ళల్ల ఈడ్చినట్టు, మెల్లగ,
పదకొండు అడుగులు అటు.
ఆగింది.
మళ్ళ ఇటు.

రూముకు వచ్చి ప్యాంటు విప్పుతుంటే
జేబుల రెండు బోల్టులు.
ఎక్కడియో ఇప్పటికీ సమజైతలేదు.